మొహం లేని స్టాంపు

స్నేహ యువజన సంఘంలో ఎవరి ఫొటో కూడా గోడకెక్కకూడదని మొదట్నించీ కట్టుబాటు. నాచారం పారిశ్రామికవాడకు పనుల కోసం వచ్చిన నలుగురు కుర్రాళ్లు యాభై ఏళ్ల కిందట పెట్టుకున్న సంఘం అది. ఎవరికన్నా ఒంట్లో బాగాలేకపోతే తోపుడు బండి మీద పడుకోబెట్టి, లాలాపేట మీదుగా సికింద్రాబాద్ పెద్దాసుపత్రికి తోసుకెళ్లేవాళ్లు. బండి ఆ నలుగురిలో ఒకడైన చిదంబరం వాళ్ల నాన్నది. మిగతా వేళల్లో దానిమీద కూరగాయలు అమ్మేవాడు.

ఆ నలుగురిలో ఇప్పుడు మిగిలింది జనార్ధనరావు ఒక్కడే. తెనాలి నించి వచ్చినవాడు. ఉప్పల్‌లో ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో స్టోర్‌కీపర్‌గా చేసి రిటైరయ్యాడు.

యాభయ్యో ఏడు వస్తోందనగా కమిటీలో ఒకరు ఆర్చి కట్టిద్దామన్నారు, ఒకరు విగ్రహమన్నారు. జనార్ధనరావు స్టాంపు అన్నాడు. తపాలా శాఖ విడుదల చేసే స్మారక స్టాంపు. దాని మీద చిదంబరం బండి, అంతే.

"మామూలుగా బతికున్నవాళ్ల బొమ్మ స్టాంపు మీద వెయ్యరు. ఇక ఎవరూ ఎగబడరు," అన్నాడు. మొహాలు ఉండకూడదని కమిటీ తీర్మానం కూడా చేసింది.

ఢిల్లీకి ప్రతిపాదన పంపాడు. దానికి బలంగా సంతకాలు కావాలని ఉప్పల్ అపార్ట్‌మెంట్లన్నిటి మెట్లూ ఎక్కి దిగాడు.

"స్టాంపా అంకుల్? ఇప్పుడు ఉత్తరాలెవరు రాస్తున్నరు?" అంది ధనశ్రీ అనే ఒక ఐటీ అమ్మాయి, తలుపు సగమే తీసి.

"ఎవరూ రాయట్లేదమ్మా. నేను సంతకమే అడుగుతున్నా, ఉత్తరం రాయమనట్లేదు."

ఆ అమ్మాయి నవ్వి సంతకం పెట్టింది.

చిదంబరం భార్య త్రిపురసుందరి అప్పుడప్పుడూ ఫోన్ చేసేది. "అన్నయ్యగారూ, చక్రం ఒకటి కాస్త వంకరగా ఉండేది. బొమ్మలో దాన్ని సరిచెయ్యొద్దని చెప్పండి." అలాగే రాసి పంపాడు.

సంఘానికి ఇప్పటి అధ్యక్షుడు శశిధర్. ప్లాట్లు అమ్ముతాడు. ఉప్పల్ మెట్రో పిల్లర్ల మధ్య అతని ఫ్లెక్సీ లేని పండగ లేదు. ఢిల్లీ నించి జవాబు ఆలస్యమవుతుంటే, "ఫికర్ జేయకున్రి సార్, నేను సూస్కుంట," అన్నాడు. నెల తిరక్కుండా ఫోన్ చేశాడు. "స్టాంపు వచ్చింది సార్. ఆదివారం ఫంక్షన్ హాల్ల ఆవిష్కరణ."

జనార్ధనరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, త్రిపురసుందరిని ఆటోలో వెంటబెట్టుకుని వెళ్లాడు. ఆమెకు ముందు వరసలో కుర్చీ వేయించాడు. వేదిక మీద ఫ్రేముకు కప్పిన పట్టుగుడ్డ లాగారు. షీటు నిండా స్టాంపులు. ప్రతి దాంట్లో ఓ పక్క పువ్వు, ఇంకో పక్క నల్లకళ్లద్దాలు పెట్టుకుని దండం పెడుతున్న శశిధర్.

"ఇది భారత ప్రభుత్వం మన సంఘానికిచ్చిన గౌరవం," అని మైకులో చెప్పాడు శశిధర్. చప్పట్లు మోగాయి.

జనార్ధనరావుకు చూడగానే తెలిసింది. ఫొటో ఇచ్చి డబ్బు కడితే పుట్టినరోజులకీ పెళ్లిళ్లకీ పోస్టాఫీసులో ఎవరికైనా అచ్చేసిచ్చే రకం అది. వేదికెక్కి శశిధర్ పక్కకు వెళ్లాడు.

"బండి ఏదయ్యా?"

"ఉన్నది సార్, జర దగ్గరికొచ్చి సూడున్రి." భుజం వెనక గోధుమరంగు మరక మీద వేలు పెట్టాడు. "బండి ముందట పెడితే కూరగాయల యాడ్ లెక్క ఉంటదన్నడు డిజైనర్."

"మొహం వద్దని తీర్మానం చేశాం కదా."

"గది ఢిల్లీ స్టాంపుకు సార్. ఇది మన స్టాంపు."

"మరి ప్రభుత్వం ఇచ్చిందన్నావు?"

"పోస్టాఫీసు గవర్నమెంటుది కాదా?" శశిధర్ నవ్వుతూనే ఉన్నాడు, ఎదురుగా కెమెరా ఉంది. "ఢిల్లీకి కూడ రాసేసిన, మీది ఇగ అక్కరలేదని. రెండుంటే జనం కన్ఫ్యూజ్ అయితరు."

అతిథులకు తలా ఒక కార్డు, ఒక స్టాంపు పంచారు. అంటించి ఫొటో దిగాలి. గమ్ము సీసా ఎండిపోయింది. పెద్దమనుషులు ఒక్కొక్కరే నాలుక చాపి, ఆ మొహం వెనక తడిపి, కార్డు మీద పెట్టి బొటనవేలితో నొక్కారు. ఫొటోగ్రాఫర్ మళ్లీ అడిగితే మళ్లీ నొక్కారు. జనార్ధనరావు నోట్లో ఉమ్మి ఊరింది. మింగలేకపోయాడు. తన స్టాంపు బల్ల మీదే వదిలి దిగొచ్చాడు.

త్రిపురసుందరి కళ్లద్దాలు పైకి జరుపుకుని తన కార్డు చూసుకుంటోంది. ఆమెది ఎవరో అంటించిపెట్టారు.

"చక్రం కనపడట్లేదండీ. ఈ అబ్బాయెవరు?"

"పదమ్మా, వెళ్దాం."

బిర్యానీ వడ్డిస్తున్నారని ఎవరో చెయ్యి పట్టుకుంటే విడిపించుకున్నాడు. ఆటో నాచారం వైపు తిరిగాక, అది డబ్బు కట్టి వేయించుకున్న స్టాంపని చెప్పాడు. ఆమె మళ్లీ అడిగింది.

"అయితే ఢిల్లీది ఇంకా రావాలన్నమాట."

"రాదమ్మా. వద్దని రాసేశారు."

"ఎవరు?"

"మన సంఘమే."

ఆటో పక్కకు ఆపమన్నాడు. దిగి, కాలవ పక్కన ఉమ్మేసి, రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. తుడిచిన చోటే ఇంకోసారి తుడిచాడు. తిరిగొచ్చేసరికి త్రిపురసుందరి కార్డును సీటు మీద బోర్లా పెట్టింది. దిగేటప్పుడు ఇద్దరూ దాన్ని తీసుకోలేదు.