సిస్టరమ్మ భయం

సూదుల సిస్టరమ్మ పోయారని ఆమె చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను కొట్లో ఒక చీర మడత పెడుతున్నాను. "అక్క పొద్దుగాల పోయింది. రేపు పదకొండింటికి ఆలూరుల సమాధి చేస్తం" అంది. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ చీరనే విప్పి మళ్లీ మడత పెట్టాను. చీర కొనడానికి వచ్చి ఎదురుగా కూర్చున్న ఒకావిడ నా ముఖం చూసి, ఏమీ కొనకుండా లేచి వెళ్లిపోయింది.

సిస్టరమ్మను ఎరగని మీకు కాస్త చెప్పాలి. సిస్టరమ్మ క్లినిక్ మొయినాబాద్‌లో, మందుల షాపు పక్కన రెండు గదులు. కొన్నేళ్లు నర్సుగా పనిచేసి, నగరంలో ఒకరి దగ్గర చైనా వైద్యం నేర్చుకుని, ఉద్యోగం మానేసి ఈ పనిలోకి వచ్చారు. మొదట షాబాద్‌లో పెట్టారు, తర్వాత ఇక్కడికి మారారు. సన్నటి సూదులు గుచ్చేవారు. గాజు కప్పుల్లో మంట చూపించి వీపు మీద బోర్లించేవారు. ఎండిన మాచిపత్రి చుట్టను వెలిగించి నొప్పి ఉన్నచోట సెగ తగిలించేవారు. ఆ పొగ వాసన నా చీరలకు పట్టి, రెండు ఉతుకులదాకా పోయేది కాదు.

నేను మెడనొప్పితో వెళ్లాను. అసలు సంగతి మెడ కాదు. మాది చేవెళ్లలో బట్టల దుకాణం. సరుకు కోసం మా ఆయన వారానికి రెండుసార్లు నగరానికి వెళ్తారు. ఆ రోడ్డు తెలిసినవాళ్లకు తెలుసు. ఇరుకు, మలుపులు, ఎదురుగా కంకర లారీలు. ఆయన బయల్దేరిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా నాకు ఊపిరి సగమే ఆడేది. ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని.

సిస్టరమ్మ మొదటిరోజు నా నాలుక చూశారు. రెండు చేతులూ రుద్దుకుని వెచ్చబరుచుకున్నాక, మూడు వేళ్లు నా మణికట్టు మీద పెట్టి చాలాసేపు కళ్లు మూసుకున్నారు.

"తిన్నవా బిడ్డా?"

"తిన్నానమ్మా."

"ఏం తిన్నవ్?"

నేను తడబడ్డాను. ఏమీ తినలేదు. క్లినిక్‌లో సాయంగా ఉండే తన చెల్లెలితో రెండు ఇడ్లీలు తెప్పించి, నేను తినేదాకా సూది ముట్టుకోలేదు. ఆ తర్వాత మెల్లగా అన్నారు. "భయం నోట్లకు రాదు బిడ్డా. మెడల పోయి కూసుంటది. ఎవల గురించి భయం నీకు?"

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. పక్కన కూర్చుని, ఏడుపు ఆగాక సూదులు పెట్టారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. సూదుల వల్లో, ఆ ప్రశ్న వల్లో ఇప్పటికీ చెప్పలేను.

ఆమెకు కొన్ని పద్ధతులుండేవి. తీసిన ప్రతి సూదినీ పైకి లెక్కపెట్టేవారు, లెక్క సరిపోయినా ఇంకోసారి దుప్పటి తడిమి చూసేవారు. సూది గుచ్చే ముందు పెదవులు కదిలేవి, అది ప్రార్థన. ఎన్నేళ్ల నుంచి వస్తున్నవాళ్లనైనా ప్రతిసారీ అవే ప్రశ్నలు. ఛాతీ బరువున్నదా, దవడ గుంజుతున్నదా, చెమటలు పట్టినయా, మెట్లెక్కితే ఆయాసమా. "మోకాలి నొప్పికొస్తే దవడ సంగతెందుకు సిస్టరమ్మా" అని జన్వాడ నుంచి వచ్చే ఒక పెద్దాయన విసుక్కునేవాడు. జవాబు చెప్పేదాకా ఆమె అక్కణ్నుంచి కదిలేవారు కాదు. కొత్తవాళ్లు ఎవరైనా అన్నీ నయమైపోతాయా అని అడిగితే, "సూదికి చేతనయ్యేది కొంతే. గంతకు మించి ఆశపెడితే నేను అబద్ధమాడినట్టే" అనేవారు.

రెండేళ్ల కిందట ఒక ఎండాకాలం ఉదయం మా ఆయనకు ఎడమ భుజం పట్టేసింది. అంతకుముందు బట్టల మూటలు ఎత్తి భుజం పట్టేస్తే సిస్టరమ్మ కప్పులు పెట్టగానే తగ్గింది. అందుకే ఆయనే కారు నడుపుకుంటూ, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మొయినాబాద్ వచ్చారు. వెళ్లగానే చొక్కా తీసి బల్ల మీద బోర్లా పడుకున్నారు.

సిస్టరమ్మ వీపు చూడలేదు. "లేచి కూసోండి సేటూ" అని మణికట్టు పట్టుకున్నారు. "ఎప్పటి సంది నొస్తున్నది?"

"లేచినప్పటి సంది."

"దవడ?"

"జర గుంజుతున్నది. రాత్రి చల్లగాలి తగిలినట్టున్నది."

"చెమటలు పట్టినయా?"

"ఎండకు పట్టవా అమ్మా."

ఆమె చెయ్యి వదిలేశారు. "ఇయ్యాల నేను కప్పులు పెట్టను. దవాఖానకు పోదాం, లేవండి."

ఆయనకు కోపం వచ్చింది. "గింత దూరం వచ్చినం. ఒక్క నాలుగు కప్పులు పెట్టుండ్రి. తక్కువ కాకుంటే అప్పుడే పోతం."

"తక్కువైతదనే నా భయం సేటూ. తక్కువైతే మీరు ఇంటికి పోతరు."

ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఎక్కడో దూరంలో ఉందన్నారు. ఆమె పక్క మందుల షాపు నుంచి రక్తం గడ్డకట్టకుండా ఆపే ఒక మాత్ర తెచ్చి ఆయనతో నమిలించారు. బెంచీ మీద ఉన్నవాళ్లను పంపేసి చెల్లెల్ని తలుపు వేయమన్నారు. ఆయన కారు తాళం తీసుకోబోతే లాక్కుని నా చేతిలో పెట్టారు.

"నువ్వు నడుపు."

నాకు లైసెన్సు ఉంది. కానీ చేవెళ్ల బస్టాండు దాటి ఎన్నడూ నడపలేదు. ఏ రోడ్డును తలచుకుని నా మెడ బిగుసుకుపోతుందో, ఆ రోడ్డు మీద నేను నడపాలి. నాతో కాదన్నాను.

"అయితది. లేకుంటే ఆయన నడుపుతడు" అన్నారు.

ఆమె వెనక సీట్లో ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. దారంతా నాతో అన్నది ఒక్కటే మాట. "ముందుకు చూడు బిడ్డా. ఆయనను నేను చూస్తున్న." రెండుసార్లు లారీ ఎదురుగా వచ్చింది. స్టీరింగు మీద నా చేతులు జారిపోతున్నాయి. నగరం మొదట్లో అప్పా జంక్షన్ దగ్గర సిగ్నల్ పడితే అద్దంలో చూశాను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు, ముఖం పాలిపోయింది. సిస్టరమ్మ పెదవులు కదులుతున్నాయి. ఆయన మణికట్టు మీద ఆమె మూడు వేళ్లు అలాగే ఉన్నాయి.

ఆయన బతికారు. గుండెపోటని, ఇంకో గంట ఆలస్యమైతే చేతులెత్తేసేవాళ్లమని డాక్టరు అన్నాడు. ఆ మాట చెబుదామని వెతికితే, సిస్టరమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నేను పట్టుకుని లేపాను.

నెల తర్వాత ఇద్దరం పండ్లు తీసుకుని వెళ్లాం. మా ఆయన రెండు చేతులూ జోడించి ఏదో అనబోతే ఆమె అడ్డుకున్నారు. "నాకు దండం పెట్టకుండ్రి. షాబాద్‌ల ఉన్నప్పుడు ఒకాయన గిట్లనే భుజం నొప్పి అని వచ్చిండు. నేనేం అడగలేదు. కప్పులు పెట్టిన. మంచిగున్నది సిస్టరమ్మా అని నవ్వుకుంట పోయిండు. సాయంత్రానికి పానం పోయింది. నర్సు పని చేసినదాన్ని, నాకు తెల్వకపోతే ఎవలకు తెలుస్తది?"

నేనే అడిగాను. "ఇన్నేళ్లయినా ఆ భయం పోలేదా అమ్మా?"

"పోవద్దనే చూస్తున్న. పోయిననాడు ఈ తలుపు మూసేస్త."

నా భయాన్ని ఒక రోగంలా దాచుకుని తిరిగినదాన్ని నేను. తన భయాన్ని ఆమె పనిలో పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి నాకు నా మీద సిగ్గు కొంచెం తగ్గింది.

ఇప్పుడు రాయడానికి కష్టమైన మాట. కిందటి పెళ్లిళ్ల సీజనులో ఆమె ఫోన్ చేశారు. "గురువారం స్కానింగ్ ఉన్నది బిడ్డా. జర నాతోని వస్తవా?" కొట్లో కాలు పెట్టే చోటు లేదు. ఒక పెళ్లివారికి బట్టలు చూపిస్తూనే అన్నాను. "వచ్చే వారం పోదామా అమ్మా?" ఆమె "సరే బిడ్డా, ఫికర్ చెయ్యకు" అన్నారు. మరుసటి వారం వచ్చేసరికి నేను మరచిపోయాను. గుర్తొచ్చి ఫోన్ చేస్తే, అంతా మంచిగున్నది, నడుం నొప్పికి తీశారని చెప్పారు. నేను నమ్మాను. నమ్మడం సులువుగా ఉంది.

ఆలూరులో సమాధి దగ్గర ఆమె చెల్లెలు చెప్పింది. ఆ గురువారం ఒక్కతే బస్సులో వెళ్లారట. రోగం అప్పటికే కాలేయమంతా పాకిందట. "నువ్వొచ్చినా రాకున్నా ఒక్కటే ఉండె. నువ్వు మనసుల పెట్టుకోకు" అంది. మంచి మనసుతో అన్న మాటే. కానీ సిస్టరమ్మ నన్ను పిలిచింది రోగం మార్చమని కాదు. అందరినీ అన్ని ప్రశ్నలడిగిన మనిషిని ఆ రోజు అడగడానికి పక్కన ఎవరూ లేరు. అప్పట్నుంచి నా మెడ మళ్లీ బిగుసుకుంటోంది. ఈసారి ఎవరి గురించో ఎవరూ అడగక్కర్లేదు.

నాలుగు రోజుల తర్వాత క్లినిక్ ఖాళీ చేయడానికి చెల్లెలికి సాయంగా వెళ్లాను. తలుపు తీసి ఉండటం చూసి ఒక ముసలాయన వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. పొద్దున్నే బస్సెక్కి వచ్చాడట, సంగతి తెలియదు. మేం లోపలి నుంచి వచ్చేసరికి వీపు చూపించడానికి చొక్కా గుండీలన్నీ విప్పుకుని సిద్ధంగా ఉన్నాడు. చెల్లెలు దగ్గరికెళ్లి మెల్లగా చెప్పింది. ఆయన విన్నాడు. తల వంచుకుని, కింది నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క గుండీ పెట్టుకోసాగాడు. ఒకటి తప్పిపోయింది. మళ్లీ అన్నీ విప్పి, మళ్లీ కింది నుంచి మొదలుపెట్టాడు.