ఒకటి పోయింది, ఇప్పుడేం చేస్తావ్?

కెప్టెన్ షౌకీ కళ్లబడ్డ జత ఏదీ జతగా మిగలదు. బూట్లయితే ఒక బూటు మాయం, చేతి తొడుగులయితే ఒక తొడుగు మాయం. మాయం చేసి ఎక్కడికీ పారిపోడు. ఏమీ ఎరగనట్టు మన ఎదురుగానే నిలబడి, "ఒకటి పోయింది. ఇప్పుడేం చేస్తావ్?" అంటాడు.

ఈజిప్టులోని హుర్గదాలో మా పని సముద్రంలో ఉన్న చమురు బావుల దగ్గరికి మనుషుల్ని చేరవెయ్యడం. అందుకు రెండింజన్ల హెలికాప్టర్లే కావాలి. ఒక ఇంజన్ ఆగినా రెండోది ఒడ్డుకు తెస్తుంది. వాటిని నడపడం నేర్పేవాడు ఈ మహానుభావుడు. నేనేమో ఒంటి ఇంజన్ వాటి మీద ఏళ్ల తరబడి తిరిగి, ఇక నాకు రానిదేముందని వచ్చినవాణ్ణి.

మొదటి శుక్రవారమే మసీదు గుమ్మంలో నా బూటు ఒకటి పోయింది. ఎండకు రాళ్లు పెనంలా కాలుతున్నాయి. కాసేపు వెతికి, ఒళ్లు మండి, ఉన్నదాన్ని కూడా అక్కడే విసిరికొట్టి, గెంతుకుంటూ కారు దాకా వెళ్లాను. పోయిన బూటు ఒళ్లో పెట్టుకుని షౌకీ కూర్చుని ఉన్నాడు.

"ఒక కాలైనా కాలకుండా ఉండేది కదరా సబ్రీ. మంచిదాన్ని ఎందుకు పారేశావ్?"

"ఒంటి బూటుతో ఎవరైనా నడుస్తారా కెప్టెన్?"

"ఒంటి ఇంజన్‌తో ఇల్లు చేరడం నేర్చుకోడానికేగా వచ్చావ్?"

క్యాంటీన్లో ఇంకా అన్యాయం. మన పళ్లెంలో రెండు తామియా వడలుంటే ఒకటి ఆయన నోట్లోకి పోయేది. కోపంతో పళ్లెం పక్కకు తోశామా, అయిపోయామన్నమాటే. "చూశావా, బతికున్నదాన్ని నువ్వే ఆర్పేశావ్" అంటూ రెండోదీ తినేసేవాడు.

ఆయన భార్య ఇన్సాఫ్ ఒకసారి నాకు ఫోన్ చేసింది. "నాయనా, ఈయన మీతో కూడా ఇలాగే చేస్తాడా?"

"ఏం చెప్పమంటారు పిన్నీ! నిన్న మెకానిక్ కళ్లజోడులో ఒక అద్దం ఊడబీకాడు."

ఆవిడ దగ్గొచ్చేదాకా నవ్వింది. "సరేలే, నా ఒక్కదానికే ఈ ఖర్మ అనుకున్నా" అని పెట్టేసింది.

గాల్లో మాత్రం ఈ నవ్వులాటలు లేవు. నడపడం తను చూసుకుని, ఇంజన్ల సంగతి నాకు వదిలి, సముద్రం మధ్యలో చెప్పాపెట్టకుండా ఒకదాని బలం తగ్గించేసేవాడు. ఎర్రదీపం వెలిగేది. చెడ్డదాన్ని ఆర్పెయ్యాలన్న కంగారులో నా చెయ్యి పోయి మంచిదాని మీటను పట్టుకునేది. అప్పటికి పెట్టిన రెండు పరీక్షల్లోనూ ఇదే పని చేశాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టకపోతే ఇద్దరం చేపలకు ఆహారమయ్యేవాళ్లం.

"ముందు చేతులెత్తరా. ఏది పోయిందో, ఏది బతికుందో నోటితో చెప్పు. పక్కవాడు చూసి, తన నోటితో ఆ మాట అన్నాకే ముట్టుకో. భయంలో మనిషి ముందు ఆర్పుకునేది మంచిదాన్నే."

మూడోసారి తప్పితే నన్ను సామాన్ల గోదాములో కూర్చోబెడతారు. నాకు ఎగరడం తప్ప ఇంకో పని చేతకాదు.

సరిగ్గా ఆ మూడో పరీక్ష వారమే ఇన్సాఫ్ పోయింది. వీధిలో గుడారం వేశారు. ఖురాన్ చదువుతున్నారు. "ఆవిడకు మిగిలిన ఆయుష్షు మీకు కలవాలి" అంటూ ఒక్కొక్కరం షౌకీ చెయ్యి పట్టుకున్నాం. చెయ్యి ఇస్తున్నాడు గాని మనిషి అక్కడ లేడు. సబ్రీ పరీక్ష అవగానే ఉద్యోగం మానేస్తానని ఆఫీసులో చెప్పేశాడట.

ఇన్సాఫ్ తమ్ముడు లుత్ఫీ చక్కెర లేని కాఫీ నా చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు.

"మా అక్క చెప్పు కూడా దాచేవాడు, తెలుసా? డాక్టరు రోజూ నడిపించమన్నాడు. బతిమాలితే మంచం దిగేది కాదు. చెప్పు పోతే మాత్రం ఈయన్ని తిట్టుకుంటూ ఇల్లంతా తిరిగేది."

"మావి కూడా దాచాడుగా?"

"అక్క కనిపెట్టింది. రోగిష్టిదాన్నని ఆడిస్తున్నావా అని ఒకటే ఏడుపు. కాదే, నా బుద్ధే అంత, ఎవర్నైనా అడుగు అన్నాడు. అన్నాక మరి చెయ్యాలిగా? ఆ మర్నాటి నుంచే మీ అందరి మీదా పడ్డాడు."

ఆవిడ మనసు నొచ్చుకోకూడదని ఆ మనిషి ఊరందరి చేతా పిచ్చివాడనిపించుకున్నాడు. మేం పోటీలు పడి మరీ అన్నాం.

మూడు రోజుల సంతాపం అవగానే నా పరీక్ష. షౌకీ గడ్డం గీసుకోకుండా వచ్చాడు. సముద్రం మీదికి వెళ్లాం. ఉన్నట్టుండి ఎర్రదీపం వెలిగింది.

నేను చేతులెత్తాను. "ఎడమది పోయింది కెప్టెన్. కుడిది బతికే ఉంది. చూసి చెప్పండి."

ఆయన ఇంజన్ మీటర్ల ముళ్ల వంకే చూస్తున్నాడు. ఆయన చెప్పకుండా ముట్టుకుంటే నా పరీక్ష పోయినట్టే. చేతులు అలాగే ఎత్తి కూర్చున్నాను.

"పోయింది" అన్నాడు చాలాసేపటికి. "ఎడమది పోయింది."

"కుడిది, కెప్టెన్?"

ఆయన నల్ల కళ్లద్దాల కింది నుంచి నీళ్లు గడ్డంలోకి దిగుతున్నాయి. నాకూ ఏడుపు ఆగలేదు. కాని ఆ రెండో మాట కూడా ఆయన నోటితోనే రావాలి. పద్ధతి అది.

"బతికే ఉంది" అన్నాడు. మళ్లీ ముళ్లు చూసి, "బతికే ఉందిరా" అన్నాడు.

ఎడమ మీట లాగాను. మిగిలినదాంతో ఆయన ఒడ్డుకు తెచ్చాడు.

నేల మీద దిగాక ఆయన చాలాసేపు బెల్టు విప్పలేదు. చివరికి నా వైపు తిరిగాడు.

"దొంగ దొరికినట్టు అంతసేపు చేతులెత్తి కూర్చున్నావేంట్రా?"

"మీరు చెప్పందే ముట్టుకోకూడదుగా."

"సాయంత్రం దాకా చెప్పకపోతే?"

"సాయంత్రం దాకా ఆగేవాణ్ణి."

మూతి తిప్పాడు. అది ఏడుపో నవ్వో తెలియలేదు. "పాసయ్యావ్, ఫో" అని బెల్టు విప్పుకుని దిగి, నాలుగడుగులు వేసి ఆగాడు.

"రేపు పాఠం ఎవడికిరా?"