గుండయ్య గారి 'ఒకవేళ'

మా గుండయ్య గారికి ఒకే ఒక్క జబ్బుంది. దాని పేరు 'ఒకవేళ'.

మండుటెండలో గొడుగు పట్టుకొస్తారు, ఒకవేళ వాన పడితే అని. సంచిలో రెండో గొడుగు కూడా ఉంటుంది, ఒకవేళ మొదటిది ఎవరైనా అడిగితే అని. తుర్కయంజాల్ దాటాక ఉన్న మా యూనివర్సిటీలో ఆయన పరీక్షల విభాగం సూపరింటెండెంటు. నేను కామర్స్ చెబుతాను. ఇద్దరం దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉంటాం కనుక పొద్దున్నే ఒకే కాలేజీ బస్సు ఎక్కుతాం. ఎక్కగానే ఆయన డ్రైవర్ని అడుగుతారు.

"డీజిల్ చూసుకున్నవా?"

"చూసుకున్న సార్. ముల్లు సగం మీదుంది."

"ఒకవేళ ముల్లే ఖరాబైతే?"

ఆ డ్రైవరు జవాబివ్వడం మానేసి ఆరేళ్లయింది. ఇప్పుడు ఊరికే హారన్ కొడతాడు.

కూతురి పెళ్లి శుభలేఖలో, ముహూర్తం కింద, "ఒకవేళ కరెంటు పోయిన యెడల జనరేటరు కలదు" అని అచ్చు వేయించిన మనిషి ఆయన. ఆయన భార్య కౌసల్య గారిని ఒకసారి అడిగాను, ఈయనతో ఎలా వేగుతున్నారండీ అని. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చెప్పింది. "పెండ్లిచూపుల్ల నన్ను ఒక్కటే అడిగిండమ్మా, ఒకవేళ నేను నచ్చకపోతే ఎవలికి చెప్తవు అని. మీకే చెప్తా అన్న. ముప్పై ఏండ్లాయె, దినాం చెప్తనే ఉన్న."

ఇలాంటి మనిషి చేతికి విద్యార్థి సంఘం ఎన్నికల నియమావళి రాసే పని వచ్చింది.

అప్పటిదాకా మా దగ్గర ఎన్నికల్లేవు. ప్రతి డిపార్ట్‌మెంటు హెడ్డూ ఫస్టు మార్కులొచ్చిన ఒకరిని పిలిచి "నువ్వే" అనేవారు. అలా తేలిన సంఘం ఏడాది పొడుగునా ముఖ్య అతిథులకు బొకేలిచ్చి ఫొటోల్లో నిలబడేది. బస్సులు చాలడం లేదనీ, లైబ్రరీ నాలుగింటికే మూసేస్తున్నారనీ అడగడానికి ఎవరూ లేరు. మలక్‌పేట నుంచి వచ్చే బీబీఏ రెండో ఏడాది అమ్మాయి తేజస్విని దీనిమీద తొమ్మిది వందల సంతకాలు చేయించింది. వైస్‌చాన్సలర్ గారు ఆ కట్ట చూసి, "శుక్రవారం సాయంత్రం నాలుగింటికి నియమావళి నా టేబుల్ మీదుంటే ఎన్నికలు. లేకపోతే ఈ ఏడాదికి పాత పద్ధతే" అన్నారు.

కమిటీలో నలుగురం. రిజిస్ట్రార్ జోగారావు గారు, నేను, విద్యార్థుల తరఫున తేజస్విని, రాయడానికి గుండయ్య గారు. సోమవారం మొదటి నియమం దగ్గరే బండి ఆగింది. బ్యాలెట్ మీద అభ్యర్థి పేరుండాలి అన్నారు జోగారావు గారు.

"ఒకవేళ ఇద్దరి పేర్లు ఒక్కటే ఉంటే సార్?"

"ఇంటిపేరు వేస్తామండీ."

"ఒకవేళ ఇంటిపేరు గూడ ఒక్కటైతే?"

"ఫొటో వేద్దాం."

"ఒకవేళ కవలలైతే?"

జోగారావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పెట్టుకుని, మళ్లీ తీసి తుడుచుకున్నారు. "మన యూనివర్సిటీలో కవలలు ఎవరున్నారండీ గుండయ్య గారూ?"

"మెకానికల్ల ఉన్నరు సార్. పోయినేడు ఒకని హాల్‌టికెట్ మీద ఇంకొకడు పరీక్ష రాసిండు. వాల్లమ్మ ఒచ్చి చూసేదాక మనకు తెల్వలే."

కవలలకు ఒక నియమం చేరింది. అభ్యర్థికి నత్తి ఉంటే ప్రసంగం స్నేహితుడు చదవొచ్చని ఒకటి చేరింది. ఓటేసే రోజే ఇంట్లో ఎవరినైనా దవాఖానకు తీసుకుపోవాల్సి వస్తే ముందురోజు ఓటేసే వీలుండాలని ఇంకొకటి. గురువారానికి నియమాలు అరవై నాలుగయ్యాయి. తేజస్విని తల పట్టుకుంది.

"సార్, మీ ఒకవేళల వల్ల అసలు ఎలక్షనే పోయేలా ఉంది."

శుక్రవారం మధ్యాహ్నం జోగారావు గారు ఎర్రకలం తీశారు. "పన్నెండు. అంతకు మించి ఒక్కటి కూడా ఉండటానికి వీల్లేదు" అని కొట్టేయడం మొదలుపెట్టారు. కవలలు పోయారు. నత్తి పోయింది. "ఒకవేళ నియమాలు రాసినవారే పోటీ చేసిన యెడల" అన్నదాన్ని తేజస్వినే వేలు పెట్టి చూపించి కొట్టేయించింది, తనకు నిలబడాలని ఆశ కనుక. గుండయ్య గారు దేనికీ అడ్డం రాలేదు. నలభై ఒకటో నియమం దగ్గరికి రాగానే మాత్రం కాగితం మీద అరచెయ్యి పెట్టేశారు.

"ఇది ఉంచండి సార్. తక్కినయన్నీ తీసెయ్యిన్రి."

అందులో ఉన్నది ఇది. గెలిచినవారి పేరు, వారికొచ్చిన ఓట్లు మాత్రమే బోర్డు మీద పెట్టాలి. ఓడినవారి ఓట్లు పెట్టకూడదు. ముగ్గురు లెక్చరర్లు లెక్కించి సంతకాలు చేసి కవరుకు సీలు వెయ్యాలి. ఓడినవారు వచ్చి అడిగితే, ఎవరి సంఖ్య వారికి మాత్రం చెవిలో చెప్పాలి.

"చెవిలో ఏంటి సార్?" అంది తేజస్విని. "ఇది ఎలక్షన్. ఎవరికెన్ని వచ్చాయో అందరికీ తెలియాలి. దాచిపెడితే అనుమానం రాదా?"

"అనుమానమొస్తే కవరు ఇప్పి చూపెడదాం బిడ్డా. గోడకు ఎందుకు అతికించాలె?"

"కారణం చెప్పండి" అన్నారు జోగారావు గారు.

ప్రతిదానికీ పది కారణాలు చెప్పే మనిషి ఆ రోజు ఒక్కటీ చెప్పలేదు. తల వంచుకుని, చెయ్యి మాత్రం కాగితం మీంచి తియ్యకుండా కూర్చున్నారు. నాకు పాపమనిపించి ఆయన తరఫున చెయ్యెత్తాను. గడియారం మూడూ నలభై చూపిస్తోంది. "సరే, ఉండనివ్వండి" అన్నారు జోగారావు గారు. పదమూడు నియమాలతో ఆయన వీసీ గారి గదికి దాదాపు పరిగెత్తారు.

రెండు వారాలకు ఎన్నికలొచ్చాయి. అధ్యక్ష పదవికి నలుగురు. తేజస్విని ఇరవై రెండు పేజీల మేనిఫెస్టో రాసింది. బస్సుల రూట్లకు మ్యాపు కూడా గీసింది. హాస్టల్ కుర్రాడు అభిరామ్ ఏమీ రాయలేదు. రోజూ సాయంత్రం అందరితో వాలీబాల్ ఆడాడు, అంతే.

లెక్కింపు నాలుగింటికి అయిపోయింది. ఎనిమిది వందల పైచిలుకు ఓట్లతో అభిరామ్ పేరు బోర్డెక్కింది. బయట డప్పులు మోగుతుండగా తేజస్విని గుండయ్య గారి గదికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

"నాకెన్ని వచ్చాయి సార్?"

గుండయ్య గారు నావైపు తిరిగారు. "మేడం, జర చెవులు మూసుకోండి."

మూసుకున్నాను. ఆయన వంగి ఆమె చెవిలో చెప్పారు. ఆ అమ్మాయి కుర్చీలో మెల్లగా కూర్చుండిపోయింది. కాసేపటికి అంది, "మా క్లాసులోనే అరవై రెండు మందిమి సార్."

గుండయ్య గారు నీళ్ల సీసా ఆమె ముందుకు జరిపారు.

"మా ఊరు పోచంపల్లి దిక్కు. మా ఊళ్ల చేనేత సంఘం ఎలక్షన్ల మా నాయిన అంజయ్య నిలబడ్డడు. నాకు గప్పుడే కొత్తగ ఓటొచ్చింది. మా ఇంట్ల ఐదు ఓట్లు బిడ్డా. నాయిన, అమ్మ, ఇద్దరు చిన్నాయినలు, నేను. లెక్కపెడితే నాయినకు నాలుగొచ్చినయి."

తేజస్విని తలెత్తింది. "ఇంట్లోనే ఐదు కదా సార్?"

"గదే గద. సంఘం గోడ మీద సుద్దతోని రాసిన్రు, అంజయ్య నాలుగు అని. వానకాలం దాక చెరగలే. ఊరంత 'నాలుగోట్ల అంజయ్య' అనవట్టిరి. ఇంట్లనేమో ఒకల మొఖం ఒకలు చూసుకునుడు. అందరికీ మా చిన్న చిన్నాయిన మీద అనుమానం. పాపం, కొబ్బరికాయ కొట్టి ఒట్టు పెట్టిండు. ఎవలూ నమ్మలే."

"ఆయనేనా?"

"కాదు, నేను. నాయిన గుర్తు రాట్నం. అవతలాయనది బండిచక్రం. తొందర్ల ముద్ర చక్రం మీద గుద్దిన."

ఆ అమ్మాయికి నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. నాకూ ఆగలేదు. గుండయ్య గారు మాత్రం తప్పు చేసిన పిల్లాడిలా మమ్మల్ని చూస్తూ కూర్చున్నారు.

"తర్వాత చెప్పారా నాన్నగారికి?"

"ఒకవేళ ఆయన మనసిరిగితే? ఒకవేళ చిన్నాయిన ఇంట్లకెల్లి పోతే? గిట్లనే అనుకుంట అనుకుంట నలభై ఏండ్లు కావొచ్చె. నాయినకు ఎనభై దాటినయి. ఇంకా మగ్గం మీదనే కూసుంటడు."

"సార్," అంది తేజస్విని, "ఒకవేళ ఆయన నవ్వితే?"

ఇన్నేళ్లలో ఆయన అన్నవాటిలో, ఇలా మంచి జరిగే ఒకవేళ నేనొక్కటీ వినలేదు.

సోమవారం బస్సులో ఆయన పక్కన కూర్చున్నాను. మనిషి రాత్రంతా నిద్రపోయినట్టు లేరు, కానీ మొహం వెలిగిపోతోంది. చేతిలో మడతలు పడ్డ కాగితం.

"చెప్పిన మేడం. మగ్గం ఆపి, నన్ను చానసేపు చూసి, 'నువ్వు గూడానా' అన్నడు."

"నువ్వు గూడానా ఏంటండీ?"

"నాయిన గూడ తనకు ఏసుకోలేదంట. నా ఓటు నేనే ఏసుకుంటే మంది ఏమనుకుంటరని అవతలాయనకే ఏసిండంట. పోయిన ఓటు తనదే అనుకుని గిన్నేండ్లు నోరు మూసుకున్నడు. నిన్న ఇద్దరం పోయి చిన్నాయినకు చెప్పినం. మాఫీ ఒద్దు, కోడిని కొయ్యిన్రి అన్నడు."

నేను వేళ్ల మీద లెక్కేసుకున్నాను. ఇంట్లో ఐదు. తండ్రిది పోయింది, కొడుకుది పోయింది. మిగిలినవి మూడు. వచ్చినవి నాలుగు.

"మరి ఆ నాలుగోది?"

"గదే మేడం." ఆయన చేతిలోని కాగితం మడత విప్పారు. "బయటోళ్లు ఎవలో ఏసిన్రు. నిన్నటిసంది నాయినకు నిలకడ లేదు. గా మనిషి ఎవలో కనుక్కోవాలె, పోయి కూసోని మాట్లాడాలె అంటుండు. గప్పటి మెంబర్లల్ల ఇంకా బతికున్నోళ్లు ఇరవై ఎనిమిది మంది. రాసి ఇచ్చిండు. ఐతారం తిరుగుతం."

వెనక సీట్లోంచి ఒక చెయ్యి వచ్చి ఆ కాగితం అందుకుంది. తేజస్విని.

"నేనూ వస్తా సార్. ఇంటింటికీ తిరగడం నాకు అలవాటే." కాగితం చూస్తూ, బస్సంతా వినపడేంత మామూలు గొంతుతో అంది. "తర్వాత నావాళ్లని వెతుక్కోవాలి. నాకు ఇరవై మూడు మంది ఉన్నారు."

బస్సు ఎల్బీనగర్ చౌరస్తాలో మలుపు తిరుగుతోంది. చివరి వరసలో కిటికీ పక్కన కూర్చున్న ఒక అమ్మాయి, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, కొంచెం సిగ్గుపడుతూ చెయ్యెత్తింది.