హిమజ అప్పజెప్పిన పాఠం

బొంబాయి నుంచి వచ్చిన హీరోయిన్ తెలుగు డైలాగ్ గడగడా చెబుతోందంటే, కెమెరా పక్కన సత్యలక్ష్మి లాంటి మనిషి ఒకరు నిలబడి ఉన్నట్టే. ఆమె ముక్కముక్కగా అందిస్తుంటే హీరోయిన్ ఆమె పెదాలు చూసి పలికేస్తుంది. దీన్నే ప్రాంప్టింగ్ అంటారు. భీమవరం నుంచి వచ్చి, కృష్ణానగర్‌లో ఒక్క గదిలో ఉంటూ, ఫిల్మ్ నగర్ స్టూడియోల్లో సత్యలక్ష్మి చేసే పని ఇదే. తెరమీద పేరు పడదు. పడాలన్న యావ కూడా ఆమెకు లేదు.

ఆమె బెంగంతా కూతురు హిమజ మీదే. నాలుగో తరగతి. కథ ఒక్కసారి వింటే చాలు, పొల్లు పోకుండా చెబుతుంది. పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలు మాటలుగా కలవవు. డిస్లెక్సియా అన్నారు. స్కూలువాళ్లు ఫోన్‌లో ఒక ఏఐ యాప్ వేసిచ్చారు. పేజీని ఫొటో తీస్తే నెమ్మదిగా చదివి వినిపిస్తుంది, చదువుతున్న మాటకు రంగు వేసి చూపిస్తుంది. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు, మనలాగా కాదు. పరీక్షల్లో కూడా దాన్ని వాడనివ్వాలా వద్దా అన్నది ఇలాంటి పిల్లలను చూసుకునే టీచర్ వందన తేల్చాలి.

“వచ్చే వారం పిల్లతోని ఈ పాఠం చదివించి చూస్త” అంది వందన, పుస్తకంలో పేజీ చూపించి.

అక్కడ తడబడితే పిల్లను స్కూల్లోంచి పంపేస్తారనుకుంది సత్యలక్ష్మి. పిచ్చితల్లి! తనకు తెలిసిన విద్యనే నమ్ముకుంది. ఫోన్‌తో పాఠం మళ్లీ మళ్లీ చదివించి, ఎక్కడ ఆగాలో, వేలు ఎప్పుడు కింది వరుసకు దించాలో అన్నీ నేర్పింది, అచ్చం హీరోయిన్లకు నేర్పినట్టే.

జూబ్లీహిల్స్‌లోని ఆ స్కూల్లో, వందన ముందు హిమజ ఎక్కడా తడబడలేదు.

“మంచిగనే చదువుతున్నది కదమ్మా! గిట్ల చదివే పిల్లకు పరీక్షల ఫోన్ కావాలెనని ఎట్ల రాయాలె?”

సత్యలక్ష్మి నోరు మూసుకుంటే పిల్లకు ఫోన్ దక్కదు, పరీక్ష గట్టెక్కదు. పక్కన హిమజ ముఖం వెలిగిపోతోంది. స్కూల్లో ఎవరైనా దాన్ని మెచ్చుకోవడం అదే మొదలు. ఆ ముఖం ముందు నిజం చెప్పడం మాటలు కాదు.

“అది చదవలేదండీ. ఫోన్‌లో విని బట్టీ పట్టింది. నేనే పట్టించానండీ. వేరే పేజీ ఇచ్చి చూడండి.”

వందన ఇంకో పాఠం తీసింది. హిమజ వేలు మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. తలెత్తి అమ్మ పెదాలవైపు చూసింది. ఒక్క మాట అందిస్తే చాలు. సత్యలక్ష్మి తల దించుకుంది.

“ఫికర్ చేయకుండ్రి. ఫోన్ ఉండాలెనని రాస్త” అని వందన పుస్తకం మూసింది.

ఆటో ఎక్కాక హిమజ బయటకు చూస్తూ అంది. “నువ్వు చెప్పకపోతే టీచర్‌కి తెలిసేదే కాదు కదమ్మా.”

సత్యలక్ష్మి దగ్గరకు తీసుకోబోయింది. పిల్ల సీటు చివరకు జరిగి కూర్చుంది.