కట్టు కట్టిన కళ్ళకు వినిపించిన గొంతు

దయ్యాలూ భూతాలూ నేను నమ్మేదాన్ని కాదు. నందిగామలో ఆసుపత్రి ఆయాగా చేరిన మొదటి ఏడాదే ఎన్నో శవాలను కడిగి బట్ట కప్పాను. ఒక్కరూ లేచి నన్ను పలకరించలేదు. నా గొడవంతా బతికున్నవాళ్ళతోనే. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకే మొహమాటంగా ఉంటుంది.

అరవైల మొదట్లో మాట. జగ్గయ్యపేటలో ఒక సత్రంలో కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. మనుషులు చాలక నన్ను పది రోజులు అక్కడికి పంపారు. శుక్లాలు తీయించుకున్న ఆడవాళ్ళంతా పొడవాటి వసారాలో వరసగా చాపల మీద పడుకునేవాళ్ళు. రెండు కళ్ళకూ కట్టు. తల కదలకుండా అటొకటి, ఇటొకటి ఇసక సంచులు. వారం రోజులు అలా వెల్లకిలా ఉండాల్సిందే. అప్పట్లో పద్ధతి అది.

వెళ్ళగానే నర్సమ్మగారు నాకు ఒకటే చెప్పారు. ఎవరినైనా ముట్టుకునే ముందు నీ పేరు చెప్పు, ఏం చేయబోతున్నావో చెప్పు, సరేనన్నాకే చెయ్యి వెయ్యి అన్నారు. కళ్ళు కనపడని మనిషి మీద హఠాత్తుగా చెయ్యి పడితే ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడి తల విదిలిస్తే కుట్టు తెగుతుంది, కన్ను పోతుంది.

మొదటి చాప మీద వేదాద్రినుంచి వచ్చిన రామలక్ష్మమ్మగారు ఉండేవారు. ఒక కన్ను ఏదో ఆకు పసరు పోయించుకుని ఎప్పుడో పోగొట్టుకున్నారు. మిగిలింది ఈ ఒక్కటే. ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఇదీ పోతే పొయ్యి ముట్టించుకునే దారి కూడా లేదని చేరిన రోజే అందరికీ చెప్పుకుంది.

మొదటి పొద్దునే ఆవిడకు జావ పట్టబోతూ, “ఏం ముసలమ్మా, నోరు తెరువు, నాకు ఇంకా ఇరవైమంది ఉన్నారు” అన్నాను. నా నోటి సంగతి అలాంటిది. నర్సమ్మగారు వెనకే ఉన్నారు.

“సుందరం, ఆవిడకు పేరుంది. కళ్ళకు కట్టు కట్టాం గానీ చెవులకు కట్టలేదు” అన్నారు, అందరూ వింటుండగా.

నాకు తల కొట్టేసినట్టయింది. మాట్లాడితే తప్పయితే అసలు మాట్లాడనే మాట్లాడను అనుకున్నా. నర్సమ్మగారు రోజూ ఆపరేషన్ గదిలోకి వెళ్ళాక వసారాలో నన్ను అడిగేవాళ్ళు ఎవరూ లేరు. నోరు కుట్టేసుకుని పని చేశాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, నర్సమ్మ మీద అలక, కళ్ళు కనపడనివాళ్ళ మీద చూపించాను. ఏం జరగవచ్చో తెలిసీ చేశాను. ఇప్పటికీ అది తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కానీ ఎవరూ ఉలిక్కిపడలేదు. రామలక్ష్మమ్మగారైతే మరీను. నేను జావ తీసుకెళ్ళేసరికి నోరు తెరిచి ఉండేది. తడిబట్ట తీసుకెళ్ళేసరికి చెయ్యి చాపి ఉండేది. బెడ్‌పాను తీసుకెళితే చీర సర్దుకుని సిద్ధంగా ఉండేది. నా అడుగుల చప్పుడు పోల్చుకుంటోంది కాబోలు అనుకున్నా. చేతిలో ఉన్నది జావో, తడిబట్టో అడుగుల చప్పుడును బట్టి ఎలా తెలుస్తుందని నాకప్పుడు తోచలేదు. పైగా నా చెయ్యి అంత తేలికని గర్వపడ్డాను కూడా.

ఏడో రోజు పొద్దున రామలక్ష్మమ్మగారి కట్టు విప్పారు. డాక్టరుగారు వేళ్ళు చూపిస్తే, “మూడు” అంది. కన్ను దక్కింది. ఆమె వసారా చివరిదాకా ఒకసారి చూసి, జావ గ్లాసుతో వచ్చిన నా వైపు తిరిగింది.

“నువ్వేనా తల్లీ సుందరానివి? నీ ముందొచ్చే పెద్దావిడేది? ఆవిడకో దణ్ణం పెట్టుకోవాలి.”

ఏ పెద్దావిడ అన్నాను. వారం రోజుల తర్వాత నా నోట వచ్చిన మొదటి మాట అదే.

అప్పుడు చెప్పింది. నేను వచ్చే ముందు ప్రతిసారీ ఎవరో చెవి దగ్గర చిన్నగా దగ్గి, సుందరం వస్తోందమ్మా, కాళ్ళు తుడుస్తుంది, చెయ్యి చల్లగా ఉంటుంది, కదలకు అనేదట. ఆ అమ్మాయే చెప్పొచ్చుగా, ఎందుకు మాట్లాడదు అని ఈవిడ ఒకసారి అడిగిందట.

“‘అలిగిందమ్మా, మనసులో ఏమీ లేదు, చెయ్యి మంచిది’ అని చెప్పింది తల్లీ” అంది రామలక్ష్మమ్మగారు.

నేను అలిగానని నేనెవరికీ చెప్పలేదు.

నర్సమ్మగారేమో అన్నాను. కాదంది. ఆవిడ గొంతు వసారాలో అందరికీ తెలుసు. చుట్టాలను సాయంత్రం నాలుగు దాటితే గానీ లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. ఆడవాళ్ళ వైపు ఆయాను నేనొక్కదాన్నే. ఇంతలో పక్క చాప మీది సీతారావమ్మగారు, ఇంకా కట్టు విప్పని మనిషి, అడక్కుండానే అందుకుంది. గొంతు కాస్త బొంగురు, మాటకు ముందు దగ్గుతుంది, నాకూ చెప్పేది అంది.

నాకు ఏడుపొచ్చింది. భయంతో కాదు. నన్ను వెనకేసుకొచ్చినవాళ్ళు నా జన్మలో అంతకు ముందు ఎవరూ లేరు.

ఆ రోజు మంచినీళ్ళ చెంబు పట్టుకుని సీతారావమ్మగారి పక్కన కూర్చున్నాను. “అమ్మగారూ, నేను సుందరాన్ని. మంచినీళ్ళు తెచ్చా. పట్టమంటారా?” అన్నాను. పట్టమ్మా అంది. అలాగే వరస చివరిదాకా, ప్రతి చాప దగ్గరా పేరు పెట్టి పిలిచి, చెప్పి చేశాను.

సాయంత్రం ఉండబట్టలేక సీతారావమ్మగారి దగ్గరికే వెళ్ళి, ఇవాళ ఆ పెద్దావిడ వచ్చిందా అని అడిగాను.

“రాలేదు. నువ్వే చెబుతున్నావుగా తల్లీ, ఇంక ఆవిడకేం పని?”

మిగిలిన మూడు రోజులూ ఆ గొంతు ఎవరికీ వినపడలేదు. సత్రంవాళ్ళను అడిగాను, అలాంటి మనిషి ఎవరూ లేరన్నారు. ఆవిడ ఎవరో, నా మీద ఆ దయ ఎందుకో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు పనిచేశాను. చెప్పకుండా ఎవరి మీదా చెయ్యి వెయ్యలేదు. శవాలను కడిగేటప్పుడు కూడా, నీళ్ళు పోస్తున్నానండీ అని చెప్పే పోసేదాన్ని. తోటి ఆయాలు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు. నా బదులు మాట్లాడటానికి ఆవిడను మళ్ళీ రప్పించకూడదు కదా.