ముళ్లు తెలిసిన వేళ్లు

లీలమ్మకు పన్నెండో ఏటి నుంచే గులాబీలు తెంపడం వచ్చు. అప్పట్లో శంషాబాద్ చుట్టూ పూలతోటలు బాగానే ఉండేవి. తెల్లారకముందే తల్లి వెంట పోయి, మంచు ఆరకుండానే మొగ్గలు తెంపి గంప నింపేది. ముప్పై ఏళ్లు ముళ్లు గుచ్చుకుని గుచ్చుకుని ఆమె వేలికొసలు రాటుదేలిపోయాయి. పొయ్యి మీది గిన్నెను బట్ట లేకుండా దించినా ఆమెకు చురుక్కుమనేది కాదు. తోటలు ఒక్కొక్కటే ప్లాట్లయ్యాక, ఎయిర్‌పోర్టు దారి పక్కన మొక్కలు కత్తిరించే పనిలో కుదిరింది. అక్కడా పూలే. కాకపోతే తెంపేవాళ్లు లేరు, కారు అద్దాల్లోంచి చూస్తూ పోయేవాళ్లే.

ఆమెకు నలభై తొమ్మిదేళ్లప్పుడు, ఒక మార్చి ఉదయం, కార్లు ఆగే చోట గట్టు మీద ఒకామె పెట్టెలు ముందు పెట్టుకుని కూర్చుంది. రావలసిన బండి ఇంకా రానట్టుంది. సంచిలోంచి గిటార్ తీసి ఒళ్లో పెట్టుకుని, ఎవరి కోసమూ కానట్టు మెల్లగా వాయించసాగింది. లీలమ్మ చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది. చిన్నప్పుడు తోటలో, పొద్దు పొడవకముందు, మంచులోంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుండేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కారు. ఆ పిలిచింది ఇదేనేమో అనిపించింది. ఇంతలో బండి వచ్చింది, ఆమె వెళ్లిపోయింది. లీలమ్మ మాత్రం కదలలేదు.

"ఏంది లీలక్కా, నిలబడే నిద్రపోతున్నవా?" అంది పని చూసే పూర్ణిమ.

"లేదు పూర్ణిమా. వింటున్న."

"ఎవ్వరు లేరు గదా, ఏం వింటున్నవ్?"

లీలమ్మ మళ్లీ కత్తెర ఆడించింది.

ఆమె వెళ్లే ప్రార్థన మందిరంలో ఒక గిటార్ ఉండేది. దాన్ని వాయించే మధు వేరే ఊరికి ఉద్యోగానికి పోయాక అది బీరువా వెనక దుమ్ము పట్టి ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ గారిని అడిగింది. ఆయన ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, "తీసుకపో అమ్మా, ఎవరో ఒకరి చేతిల ఉండనీ" అన్నాడు.

"పిల్లల పెండ్లిళ్లు గూడ అయిపాయె. ఇగ నీకెందుకే గిది?" అన్నాడు భర్త ప్రేమదాసు. అన్నాడే గానీ, గగన్‌పహాడ్‌లో సరుకు దించి వస్తూ తన ఆటోలో దాన్ని ఇంటికి తెచ్చింది ఆయనే. దారిలో గుంతలకు దెబ్బ తగలకుండా కింద తన దుప్పటి పరిచాడు కూడా.

దానికి ఒక గుడ్డ సంచి కుట్టిద్దామని లీలమ్మ బజారులో మాజిదా ఆపా దుకాణానికి పోయింది. చీరలకు ఫాల్ వేసి, అంచులకు పీకో కుట్టే చిన్న దుకాణం అది. మాజిదాకు అరవై దాటాయి. కొలత తీసుకోవడానికి గిటార్ చేతిలోకి తీసుకుని, టేపు సంగతి మరిచి, కుడి బొటనవేలితో ఒక తీగ మీటింది. చెవి వంచింది. పైనున్న మర కొంచెం తిప్పి మళ్లీ మీటింది. అలా ఆరు తీగలూ సరిచేసేదాకా తల ఎత్తలేదు. అంతవరకూ చెక్కపెట్టెలా ఉన్నది ఊపిరి పోసుకున్నట్టయింది.

"ఆపా! నీకు వస్తదా?"

"వచ్చేది." మాజిదా తీగలు నొక్కాల్సిన ఎడమ చేయి చాపి చూపించింది. "కాలేజీ రోజులల్ల మా సొహైల్ అన్న నేర్పిండు. పాత ఇంట్ల మిద్దె మీద కూసుని ఇద్దరం ఒకటే వాయించుడు. ఇరవై ఏండ్ల కింద మెట్ల మీద జారి పడ్డ. మణికట్టు విరిగింది, వంకరగ అతుక్కుంది. చూడు, వేళ్లు పూరా ముడుచుకోవు. గప్పటి సంది ముట్టలే."

లీలమ్మ ఆ మణికట్టును మెల్లగా తడిమింది. మాజిదా చేయి వెనక్కి తీసుకుని అంది: "సంచి తర్వాత కుడత. రేపు నాలుగింటికి ఈ దుకాణం మిద్దె మీదికి రా."

నేర్చుకునే వాళ్లందరికీ మొదట్లో వేలికొసలు మండుతాయట. లీలమ్మకు ఏమీ మండలేదు. అదే చిక్కయింది. తీగ ఎక్కడుందో వేలికి తెలిసేది కాదు. తెలియక గట్టిగా నొక్కేది, స్వరం శ్రుతి తప్పేది.

"పాము మెడ పట్టినట్టు పడుతున్నవ్," అంది మాజిదా. "నీ వేళ్లకు నొప్పి తెలుస్తలేదు లీలా, గందుకే తీగ గూడ తెలుస్తలేదు. ఒక్క వేలు పెట్టు. ఊరికె ఆనించు, నొక్కకు. ఇప్పుడు మీటు."

బుర్రుమని దోమలా మోగింది.

"జర నొక్కు. ఇంకా జర. ఆఁ, తేటగ అయింది సూడు, గక్కడ ఆగు. గంతకంటె ఎక్కువ పెట్టిన బలం నీది కాదు, తీగది కాదు, ఉత్తగ పోయినట్టె."

నెల రోజులు అదే పని. పాట లేదు, ఏమీ లేదు. రాత్రి అన్నం తిన్నాక లీలమ్మ గోరువెచ్చని నీళ్లలో వేళ్లు నానబెట్టి, కొబ్బరినూనె రాసుకునేది. ఒకరోజు పనిలో మందార ఆకు పట్టుకుంటే దాని ఈనెలు వేలికి తగిలాయి. ఇన్నేళ్లుగా ఆకులు పట్టుకుంటున్నా ఆకుకు ఈనెలుంటాయని చేతికి తెలియడం అదే మొదటిసారి. నవ్వొచ్చింది. చుట్టూ చూసి, ఇంకో ఆకు పట్టుకుంది.

తర్వాత మూడు వేళ్లు మూడు తీగల మీద ఒకేసారి పెట్టడం నేర్పింది మాజిదా. అలా కలిసి మోగే స్వరాల గుత్తినే కార్డ్ అంటారు. ఒక కార్డ్ నుంచి ఇంకో దానికి మారేటప్పుడు లీలమ్మ చేయి గాలిలో దారి తప్పిన పక్షిలా తచ్చాడేది. పైగా మిద్దె మీదుగా విమానాలు. ఒకటి వచ్చిందంటే ఏదీ వినిపించదు. లీలమ్మ ఆపేసేది.

"ఆపకు. వినబడకపోతే ఏమాయె? లెక్క లోపల ఉంటది," అంటూ మాజిదా కాలితో నేల మీద తాళం వేసేది. విమానం పోయాక చూస్తే ఆపా కాలు ఒకచోట, లీలమ్మ చేయి ఇంకోచోట. ఎండలు ముదిరి, మొదటి వానలు పడి, మిద్దె గోడకు నాచు పట్టింది. ఒక సాయంత్రం పెద్ద విమానమే వచ్చింది. ఆ మోత కింద లీలమ్మ కళ్లు మూసుకుని, నీళ్లలో మునిగి ఈదుతున్నట్టు వాయిస్తూ పోయింది. మోత తగ్గి తన గిటార్ తనకు వినిపించేసరికి, ఆపా పాదం సరిగ్గా అదే దెబ్బ మీద పడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు గానీ ఆపలేదు.

ఆ ధైర్యంతోనే ఆగస్టులో ఒక ఆదివారం మందిరంలో వాయిస్తానని ఒప్పుకుంది. మొదటి చరణం బాగానే నడిచింది. రెండో చరణంలో ఎఫ్ అనే కార్డ్ వచ్చింది. చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా పడుకోబెట్టాలి దానికి. వేలు పడుకుంది, స్వరం లేవలేదు. ఠక్ ఠక్‌మని చెక్క చప్పుడు. అందరూ పాట ఆపి చూశారు. లీలమ్మ గిటార్ గోడకు ఆనించి, వచ్చి వెనక వరసలో కూర్చుంది. వాళ్లే చప్పట్లతో పాట పూర్తి చేశారు.

రెండు వారాలు ఆమె మిద్దె ఎక్కలేదు. గిటార్ మంచం కిందికి పోయింది. మూడో వారం మాజిదాయే లీలమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"అది నాకు వచ్చేది కాదాపా. ఇగ పరేషాన్ చెయ్యకు," అంది లీలమ్మ.

"చెయ్య. గిటార్ తియ్యి. నువ్వు ఎడమ చెయ్యి పెట్టు, కుడి చెయ్యి నేను వేస్త."

ఇద్దరూ మంచం మీద భుజానికి భుజం ఆనించి కూర్చున్నారు. గిటార్ ఇద్దరి ఒళ్లోనూ పడుకుంది. మాజిదా కుడి చేయి తీగల మీద ఆడడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ మాటలతోనే నేర్పిన మనిషి చేతిలో అంత మెత్తని నడక ఉందని లీలమ్మకు తెలియదు. వానచినుకు ఆకు మీది నుంచి ఆకు మీదికి జారినట్టుంది. ఆ నడక వెంట ఆమె ఎడమ చేయి భయం మరిచి పోసాగింది. ఎఫ్ వచ్చింది. చూపుడువేలు కొంచెం పక్కకు ఒరిగింది, మోచేయి తనంతట తాను ఒంటికి దగ్గరగా జరిగింది. ఆరు తీగలూ నిండుగా మోగాయి.

మాజిదా ఆపలేదు. అదే కార్డ్ దగ్గర తిరిగి తిరిగి వచ్చింది. ఆమె చెంపల మీద తడి మెరిసింది.

"ఇరవై ఏండ్లు, లీలా," అంది.

ప్రేమదాసు చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాలేదు. చాయ్ చల్లారింది.

అక్టోబరులో లీలమ్మ మళ్లీ మందిరంలో వాయించింది. ఒకచోట తడబడింది, కానీ లోపలి లెక్క తప్పలేదు. పాట ఆగలేదు, ఎవరూ తలెత్తి చూడలేదు. అప్పటి నుంచి ఆదివారాలు ఆమెవే. సాయంత్రాలు మాత్రం ఇద్దరివీ. కొన్నిసార్లు ఒక్కొక్కరు ఒక్కో చేయి వేస్తారు. ఆపా మనవరాలు నబీలా చూసి, "నానీ, గిదేం గిటార్, రెండు తలలున్నయి!" అని నవ్వుతుంది.

మొన్న చలికాలంలో ఒకరోజు దుకాణంలో మాజిదా పీకో కుడుతుంటే, లీలమ్మ స్టూలు మీద కూర్చుని ఏదో వాయించింది. నాలుగైదు స్వరాలే; పొగమంచులా మెల్లగా కదులుతున్నాయి. మాజిదా మిషన్ ఆపింది.

"గిది ఎవరి పాట? నేను నేర్పలే."

"ఎవరిది కాదాపా. పొద్దుగాల మొక్కలకు నీళ్లు పడుతుంటె వచ్చింది."

"మల్ల వాయించు. మరిచిపోతవ్."

చీర కోసం వచ్చినామె కూడా ఆగింది. లీలమ్మ మళ్లీ వాయించింది. రెండోసారి అది కొంచెం వేరుగా వచ్చింది. ఇద్దరికీ రెండోదే నచ్చింది.