ఐసుపెట్టెలో వచ్చిన సీసా

2015లో భావనపాడుకు దగ్గరలోని ఒక పశువైద్యశాలకు నన్ను సహాయ సంచాలకుడిగా వేశారు. అంటే ఆ ఆస్పత్రికి పెద్ద డాక్టరునన్నమాట. ఆవులకు, గేదెలకు కృత్రిమ గర్భధారణ అక్కడ రోజూ ఉండే పనే. కుక్కకు చేయమని అడిగింది మాత్రం నూకమ్మ ఒక్కతే.

నూకమ్మది చేపల వ్యాపారం. ఆమె కుక్క రాజు ముసలిది, పైగా గుండెజబ్బు. ఆటో ఎక్కిస్తేనే రొప్పేది, ఇక ఆడకుక్క మీద ఎక్కే శక్తి దానికెక్కడిది? "ఈడు పోయేలోగా ఈడి పిల్లొకటి నా ఇంట్లో ఉండాల బాబూ" అని పట్టుబట్టింది. ఆమె చెల్లెలి ఆడకుక్క ఎదకొచ్చింది, ఆ ఎదా చివరికొచ్చేసింది. ఇది తప్పితే మళ్ళీ నెలల తరబడి ఆగాలి. అంతదాకా రాజు ఉండదని నాకు తెలుసు.

వీర్యాన్ని మైక్రోస్కోపు కింద చూశాకే ఎక్కించాలి గనక, ఆడకుక్కను చెల్లెలి చేత ఆస్పత్రికి తెప్పించి, నేను నూకమ్మ ఇంటికి వెళ్ళాను. ఎద స్రావం అద్దిన దూదిని రాజుకు వాసన చూపించి, వీర్యం సేకరించి చిన్న గాజుసీసాలో పోశాను. నా బండి మీద కుదుపులు, ఎండ. అందుకని ఆటోలో వస్తున్న నూకమ్మకే ఇచ్చి, గుప్పిట్లో వెచ్చగా పట్టుకురమ్మన్నాను.

ఆస్పత్రిలో ఆమె ఆ సీసాను చేపల ఐసుపెట్టెలోంచి తీసింది. ఓరి దేవుడా, కొంప మునిగిందనుకున్నాను. మైక్రోస్కోపు కింద చూస్తే, చురుగ్గా ఈదాల్సిన కణాలు తోకలు ముడుచుకుని పడున్నాయి. స్లైడును వెచ్చబెట్టి మళ్ళీ చూశాను. ఒక్కటి కదిలితే ఒట్టు. తగిన ద్రావణంలో కలిపి మెల్లగా చల్లబరిస్తే తట్టుకుంటాయి గానీ, ఉన్నపళంగా ఐసులో పెడితే వాటి పైపొర దెబ్బతింటుంది. నాకసలే కోపం ఎక్కువ. గట్టిగా అరిచేశాను.

నూకమ్మ మొహం పాలిపోయింది. "ఎండకి పాడైపోతాదని బయమేసింది బాబూ. పుట్టిన కాణ్నుంచి ఐసుతోటే మా బతుకు. అదే సంపేస్తాదని ఎవులనుకుంటారు?" అంది.

మళ్ళీ సేకరిస్తే రాజు గుండె ఆగినా ఆగవచ్చు. దాచకుండా చెప్పాను. ఆమె కాసేపు ఏడ్చి, "సేసీండి. ఆడి తల నా ఒళ్ళో ఎట్టుకుంటాను" అంది. మళ్ళీ ఆమె ఇంటికి వెళ్ళి, మధ్యమధ్య రాజు గుండె చప్పుడు వింటూ రెండోసారి సేకరించాను. రాజు రొప్పింది గానీ తట్టుకుంది. ఈసారి నేనూ ఆటోలోనే వచ్చాను. నూకమ్మ సీసాను రవికెలో దోపుకుని, దారి పొడుగునా దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

కణాలు పలచగా ఉన్నాయి, కానీ ఈదుతున్నాయి. గొట్టంతో లోపలికి ఎక్కించాను. అవి వెనక్కి జారిపోకుండా అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆడకుక్క నడుం పైకెత్తి పట్టుకున్నారు.

పక్షం తిరక్కుండానే రాజు చచ్చిపోయింది. తరువాత ఆడకుక్క ఒకే ఒక్క పిల్లను పెట్టింది.

మనం చెప్పిన మాట కంటే ముందు, మనిషి చేతి అలవాటు పని చేస్తుంది. ఆ తరువాత సర్వీసులో ఉన్నన్నాళ్ళూ, ఎవరి చేతికి ఏది ఇవ్వాల్సి వచ్చినా, వాళ్ళు చేసే పనేమిటో అడిగాకే ఇచ్చాను.